నాటిన చెయ్యే నీళ్ళు పోయాలి

ఆ కాగితం మా ఇంట్లో అల్మారా మీద మూడు రోజులు అలాగే పడి ఉంది. అది 2019 జనవరి. కరీంనగర్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి కళాశాల నుంచి తెచ్చిన అనుమతి పత్రం అది. జాతీయ సేవా పథకం, అంటే అందరూ ఎన్‌.ఎస్‌.ఎస్‌. అని పిలుచుకునే సంస్థ, తరఫున ఉట్నూరు సమీపంలోని ఒక గోండు గూడెంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం జరుగుతుందనీ, పర్యావరణ పరిరక్షణ అందులో ప్రధానాంశమనీ, తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి అనీ అందులో రాసి ఉంది. సంతకం చేయవలసిన చోటు మాత్రం ఖాళీగా ఉంది.

మా సందేహాలు చాలామంది ముస్లిం తల్లిదండ్రులకు తెలిసినవే. ఆడపిల్ల వారం రోజులు ఇల్లు వదిలి ఎలా ఉంటుంది? నమాజుకు చోటు దొరుకుతుందా? భోజనం సంగతేమిటి? వీటన్నిటికంటే బరువైనది, బంధువులు ఏమంటారన్న ప్రశ్న. దాన్ని పైకి అనలేదు గాని, మా ఇద్దరి మనసుల్లోనూ అదే ముందు నిలిచింది. శిబిరం బాధ్యత చూసే అధ్యాపకురాలిని వెళ్ళి కలిశాం. అమ్మాయిలకు పాఠశాల భవనంలో వేరే గదులు ఉంటాయని, రాత్రి తాము కూడా అక్కడే ఉంటామని, వంట పప్పూ కూరగాయలతోనే సాగుతుందని, నమాజుకు ఒక గది కేటాయిస్తామని ఆమె ఓపికగా వివరించారు. మూడు ప్రశ్నలకు జవాబులు దొరికాయి. నాలుగో ప్రశ్నకు జవాబు మా ఇంటి పెద్దావిడ, పిల్లల దాదీ, చెప్పారు. “కాలేజీకి పంపేటప్పుడు పిల్లను నమ్మారు. నలుగురికి మేలు చేసే పనికి పంపేటప్పుడు ఆ నమ్మకం ఎక్కడికి పోయింది? లోకం నోటికి భయపడి పిల్లను ఆపుతారా?” అన్నారావిడ. ఆ సాయంత్రమే సంతకం చేశాం.

ఈ పథకం గురించి మాకు అప్పటిదాకా తెలిసింది తక్కువ. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, దేశంలోని 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ఇది మొదలైంది. ఇందులో చేరిన విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సమాజ సేవలో గడపాలి. దత్తత తీసుకున్న ఏదో ఒక ఊళ్ళో ఏడు రోజుల శిబిరంలో పాల్గొనాలి. ‘నేను కాదు, మీరు’ అన్నది దీని నినాదం. పొరుగువాడి హక్కును గుర్తుచేసే ధర్మంలో పెరిగిన మనకు ఆ మాట పరాయిదిగా తోచదు.

శిబిరం మధ్యలో వచ్చిన ఆదివారం మేమిద్దరం అమ్మాయిని చూడటానికి బయలుదేరాం. జగిత్యాల, ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీదుగా గోదావరిని దాటితే పాత కరీంనగర్ జిల్లా ముగిసి పాత ఆదిలాబాద్ జిల్లా మొదలవుతుంది. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలూ ఎనిమిదిగా మారినా, జనం నోట గోదావరే ఇప్పటికీ సరిహద్దు. లక్సెట్టిపేట, జన్నారం మీదుగా రోడ్డు టేకు అడవిలోకి ప్రవేశించింది. అదంతా కవ్వాల్ అభయారణ్యం. 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. మహారాష్ట్రలోని తాడోబా అడవుల నుంచి పులులు ఇటు వస్తాయి. రోడ్డు పక్కన పులి బొమ్మలతో హెచ్చరిక బోర్డులున్నాయి. ఆ బోర్డుల కిందే చిప్స్ సంచులు, నీళ్ళ సీసాలు, పలావు తిని పారేసిన పళ్ళేలు ఉన్నాయి. కోతులు వాటిని విప్పి వెతుక్కుంటున్నాయి.

మేము చేరేసరికి పిల్లలు అదే పనిలో ఉన్నారు. చేతులకు తొడుగులు, భుజాన గోనెసంచులతో రోడ్డు అంచు వెంట ప్లాస్టిక్ ఏరుతున్నారు. ఉప్పు, నూనె వాసనకు జింకలు ఈ కవర్లను నమిలేస్తాయని, అవి కడుపులో చిక్కుకుని ప్రాణం తీస్తాయని అటవీ సిబ్బంది వారికి చెప్పారట. దారిలో ఉన్న హానికరమైన వస్తువును తొలగించటం కూడా విశ్వాసంలో ఒక శాఖేనని దైవప్రవక్త (స) నేర్పిన సంగతి మనం పిల్లలకు చిన్నప్పుడే చెబుతాం. ఆ దారిలో నడిచేది మనుషులు మాత్రమే కాదని మాకు ఆ రోజు స్ఫురించింది.

గూడెంలోని పాఠశాల గోడ మీద కుమ్రం భీం చిత్రం, పక్కనే ‘జల్, జంగల్, జమీన్’ అన్న మూడు మాటలు ఉన్నాయి. “అబ్బా, ఇవి మన ఇంట్లో మాట్లాడే మాటలే!” అంది అమ్మాయి. నిజమే. వాటిలో జంగల్, జమీన్ ఉర్దూలో వాడే మాటలే. అడవిపైనా నేలపైనా ఆదివాసుల హక్కు కోసం భీం పోరాడింది నిజాం ప్రభుత్వంతో. 1940లో జోడేఘాట్‌లో ఆయన ప్రాణాలు కోల్పోయింది ఆ ప్రభుత్వపు తుపాకులకే. ఆ తర్వాతే గోండుల కష్టాలకు కారణాలు తెలుసుకోవటానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను ఈ ప్రాంతానికి పంపింది. పాలకుడు మన మతస్థుడైనంత మాత్రాన అతని అధికారులు చేసిన అన్యాయం న్యాయం కాబోదు. ఈ మాట పిల్లకు అక్కడే, ఆ గోడ ముందే చెప్పాం. సేవ చేయటానికి వెళ్ళినవాడు తాను ఎవరి నేల మీద నిలబడ్డాడో ముందు తెలుసుకోవాలి.

ఆ మధ్యాహ్నం మొక్కలు నాటే కార్యక్రమం. పాఠశాల చుట్టూ, బాట వెంట సుమారు రెండు వందల మొక్కలు నాటారు. బ్యానరు కట్టారు, ఫొటోలు తీశారు. మేమూ చెరో మొక్క నాటి, గర్వంగా ఫొటోలో నిలబడ్డాం. కాస్త దూరంలో చుట్ట కాలుస్తూ కూర్చున్న ఒక గోండు పెద్దాయన అంతా చూస్తూ ఉన్నాడు. అమ్మాయి దగ్గరకు వెళ్ళి, “తాతా, మీరూ ఒక మొక్క నాటండి” అని పిలిచింది. ఆయన నవ్వాడు. “బిడ్డా, గిది చెట్లు వెట్టే కాలమా? వానలు వోయినయి. ఎండల్ల గీటికి నీళ్ళెవరు వోస్తరు?” అన్నాడు. ఆ ప్రశ్నకు మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. శిబిరం జనవరిలో పడింది కాబట్టి మొక్కలు జనవరిలో నాటారు, అంతే.

ఆ ఏడు వేసవి కరీంనగర్‌లో మంటలు చిమ్మింది. మే నెలలో రమజాన్ వచ్చింది. ఉపవాసంతో నాలుక పిడచగట్టే మధ్యాహ్నాల్లో అమ్మాయి ఒకటి రెండుసార్లు, “ఆ మొక్కలు ఏమయ్యాయో” అంది. మేము వినీ విననట్టు ఊరుకున్నాం. నాటాం కదా, పుణ్యం దక్కింది కదా అన్న తృప్తి మాలో ఎక్కడో కుదురుకుని ఉంది.

ఆ సంవత్సరం ఈదుల్ ఫిత్ర్ జూన్ 5న వచ్చింది. 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్య సమితి సదస్సుకు గుర్తుగా ప్రపంచం పర్యావరణ దినోత్సవం జరుపుకునే తేదీ కూడా అదే. ముస్లిం విద్యార్థులు పండుగ జరుపుకోవాలని కళాశాల విద్యార్థులు తమ కార్యక్రమాన్ని ఒక రోజు వాయిదా వేశారు. మరునాడు తెల్లవారుజామున దిగువ మానేరు డ్యాం కట్ట దగ్గర చెత్త ఏరే పని పెట్టుకున్నారు. మా అమ్మాయి ఫజ్ర్ నమాజు కాగానే వెళ్ళింది.

పది గంటలకు తిరిగి వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ముఖం వాడి ఉంది. ఏమైందని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అంది: “ఏరినదంతా మనదే, అబ్బా. బిర్యానీ తిన్న థర్మాకోల్ పళ్ళేలు, షీర్ ఖుర్మా తాగిన కప్పులు. నా స్నేహితురాళ్ళు ఒక్క మాట అనలేదు. అనకపోవటమే నాకు ఎక్కువ కష్టమనిపించింది.”

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం. పండుగ సాయంత్రం బంధువులతో కలిసి డ్యాం చూడటానికి వెళ్ళిన కుటుంబాల్లో మాదీ ఒకటి. దుప్పటి పరచుకుని కూర్చున్నాం, తిన్నాం, పిల్లలను ఆడించాం, చీకటి పడగానే లేచి వచ్చాం. పళ్ళేలను ఒక కవరులో పెట్టి రాయి పక్కన ఉంచిన గుర్తుంది. కుక్కలు ఆ కవరును ఏం చేసి ఉంటాయో ఊహించటం కష్టం కాదు. వేసవి చివరికి నీరు వెనక్కి తగ్గిన ఆ జలాశయం నుంచే మా ఊరికి తాగునీరు వస్తుంది. నెల రోజులు ఆకలిదప్పులను అదుపులో పెట్టుకున్నవాళ్ళం, ఒక్క సాయంత్రం మన చెత్తను మనం మోసుకురాలేకపోయాం. మన పండుగలకే కాదు, అందరి పండుగల మరునాడూ ఆ కట్ట అలాగే ఉంటుందన్నది నిజమే. కానీ ఆ రోజు ఆ మాట మాకు సాకుగా వినిపించింది.

ఆ వారాంతమే అమ్మాయిని తీసుకుని ఉట్నూరు దారి పట్టాం. మొక్కల సంగతి చూడాలని తను కోరింది. ఈసారి విననట్టు ఊరుకోలేదు. వానలు ఇంకా పడలేదు. బాట వెంట నాటిన మొక్కల స్థానంలో ఎండుపుల్లలు నిలబడి ఉన్నాయి. కొన్నిటిని మేకలు మొదలంటా కొరికేశాయి. మేము నాటిన రెండూ లేవు. వరసగా లెక్కపెడితే రెండు వందలలో బతికినవి పదకొండు. వాటిలో నాలుగు ఒక ఇంటి ముందే ఉన్నాయి. ఆ ఇంటి ఇల్లాలు రోజూ గిన్నెలు కడిగిన నీళ్ళు వాటికి పోసిందట. ఎవరూ చెప్పలేదు. ఫొటోలో కూడా ఆమె లేదు.

తిరుగు ప్రయాణంలో మా మధ్య చాలాసేపు మాటలు లేవు. ప్రళయ ఘడియ వచ్చినా సరే, చేతిలో మొక్క ఉంటే, వీలైతే దాన్ని నాటమన్న ప్రవక్త (స) బోధ మనందరికీ తెలుసు. మొక్కలు నాటే సభల్లో దాన్ని తరచూ వింటాం. దాని పక్కనే ఇంకొక బోధ ఉంది. ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తింటే అది అతని తరఫున సదఖా అవుతుందని ఆయన చెప్పారు. ఈ రెండో బోధను మేము ఇన్నేళ్ళూ పైపైనే విన్నాం. పక్షి తినాలంటే చెట్టు కాయాలి. కాయాలంటే ఏళ్ళ తరబడి బతకాలి. సదఖా ఫలితం ఆ చెట్టు కొమ్మ మీద ఉంది. మేము దాన్ని గుంతలో పెట్టి మట్టి కప్పిన నిమిషంలోనే దక్కించుకున్నామనుకున్నాం. భూమి మీద మనిషి అల్లాహ్ ప్రతినిధి అని, ఈ సృష్టి అతని చేతిలో అమానతు అని మనం నమ్ముతాం. అమానతును అందుకున్న రోజు ఫొటో దిగి, దాన్ని ఎండలో వదిలేసి వచ్చేవాణ్ణి ఎవరైనా నమ్మకస్తుడంటారా?

ప్రభుత్వాలకూ ఈ పాఠం తెలియకపోలేదు. 2015 జులైలో మన రాష్ట్రంలో హరితహారం మొదలైంది. పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచటం దాని లక్ష్యం. 2018లో వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతికేలా చూసే బాధ్యతను పంచాయతీలపై పెట్టింది. ఎన్ని నాటారన్న లెక్క నుంచి ఎన్ని బతికాయన్న లెక్కకు చట్టమే వచ్చిందన్నమాట.

జులైలో తొలకరి తర్వాత అమ్మాయి, ఆమె స్నేహితులు పన్నెండు మంది కలిసి అధ్యాపకురాలిని ఒప్పించి మళ్ళీ గూడేనికి వెళ్ళారు. ఈసారి మేమూ వెంట వెళ్ళాం. బ్యానరు తీసుకువెళ్ళలేదు. వెళ్ళకముందే గూడెం పెద్దలను ఏ చెట్లు కావాలో అడిగారు. పోయినసారి నర్సరీలో దొరికినవన్నీ తెచ్చి పెట్టారు. పెద్దలు కోరినవి వేరు: ఇప్ప, చింత, ఉసిరి, నేరేడు. ఇప్పపువ్వు వారికి వేసవిలో ఆహారం, ఆదాయం. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు దానితో లడ్డూలు చేసి అమ్ముతారు. బాట వెంట కాకుండా ఇళ్ళ పెరళ్ళలో, చేను గట్ల మీద, ఎవరి చెట్టుకు వారే యజమానులయ్యేటట్టు నూట ఇరవై మొక్కలు నాటారు. చుట్టూ ముళ్ళకంప కట్టారు. కరీంనగర్ కుమ్మరుల దగ్గర కొన్న మట్టికుండలకు అడుగున చిన్న రంధ్రం చేసి, వత్తి దూర్చి, మొక్క పక్కన భూమిలో పాతారు. వారానికి ఒకసారి రెండుసార్లు కుండ నింపితే చాలు, నీరు చుక్క చుక్కగా వేళ్ళకు చేరుతుంది. జనవరిలో ప్రశ్న అడిగిన పెద్దాయన ఈసారి తానే గడ్డపార పట్టుకుని వచ్చాడు.

వెళ్ళేటప్పుడు పిల్లలు నేర్పటానికి వెళుతున్నామనుకున్నారు. వచ్చేటప్పుడు నేర్చుకున్నదే ఎక్కువ ఉంది. ఆ ప్రాంతపు మెస్రం వంశీయులు ఏటా కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా కాలినడకన వచ్చి గోదావరి జలం తీసుకువెళతారని అక్కడే విన్నాం. వారి విశ్వాసం వారిది. కానీ ఒక్క కుండ నీటి కోసం అన్ని రోజులు నడిచే మనుషులకు నీటి విలువ గురించి ఉపన్యాసం ఇవ్వటానికి మనకు అర్హత ఎక్కడిది? పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని దుబారా చేయవద్దన్న బోధ హదీసు గ్రంథాల్లో చదువుకున్న మన మస్జిదుల్లో, కొళాయి ధారగా వదిలి మాటల్లో పడిపోయే దృశ్యం అరుదు కాదు.

ఆ ఆలోచనే అమ్మాయిని మా మొహల్లా మస్జిదు వైపు నడిపించింది. వుజూ నీటిలో సబ్బు ఉండదు. రోజూ అయిదు పూటలు మురికికాలువలో కలిసే ఆ నీటిని పక్కనున్న ఖాళీ స్థలానికి మళ్ళిస్తే చెట్లు పెరుగుతాయి కదా అని తను అడిగింది. ఆమె మాటను మేము కమిటీ పెద్దల ముందు పెట్టాం. ఒకరిద్దరు గోడ నెమ్ముతుందేమోనని సందేహించారు. ఒక పెద్దాయన మాత్రం పైపు ఖర్చు తాను పెట్టుకుంటానన్నారు. ఈరోజు అక్కడ మూడు వేపచెట్లు, రెండు కానుగలు ఉన్నాయి. జుమా రోజు లోపల చోటు దొరకనివారు ఆ నీడన నమాజు చేస్తున్నారు.

మరుసటి సంవత్సరం మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కళాశాలలు మూతపడ్డాయి, శిబిరాలు ఆగిపోయాయి. ఆ వేసవిలో గూడేనికి ఎవరం వెళ్ళలేకపోయాం. అమ్మాయి ఫోను చేసి అడిగితే, “కుండలు నింపుతున్నం బిడ్డా, మా చెట్లు గద” అని జవాబు వచ్చింది. ‘మా చెట్లు’ అన్న ఆ మాట విన్నాక మాకు దిగులు పోయింది. 2022 వర్షాకాలంలో మళ్ళీ వెళ్ళి లెక్కపెట్టాం. నూట ఇరవైలో డెబ్బై మూడు బతికి ఉన్నాయి. చట్టం అడిగిన 85 శాతానికి అది తక్కువే. పదకొండుకు మాత్రం చాలా ఎక్కువ. పాత పదకొండులో ఆ ఇల్లాలి ఇంటి ముందున్న నాలుగూ మనిషి ఎత్తు దాటాయి.

ఈ అనుభవం రాస్తున్నది గొప్ప చెప్పుకోవటానికి కాదని పాఠకులు గ్రహించే ఉంటారు. మన పిల్లలు ఇలాంటి శిబిరాలకు వెళతామంటే, ముఖ్యంగా ఆడపిల్లలు వెళతామంటే, భయంతో కాగితాన్ని పక్కన పెట్టకండి. వసతి, భద్రత, నమాజు గురించి అడగవలసినవి అడగండి. అది తల్లిదండ్రుల హక్కు. దానితోపాటు ఇంకొన్ని ప్రశ్నలు కూడా అడగండి. ఏ కాలంలో నాటుతారు? ఏ చెట్లు కావాలో ఊరివారిని అడిగారా? మీరు వచ్చేశాక నీళ్ళు ఎవరు పోస్తారు? ఇక పిల్లలు చెత్త ఏరటానికి వెళ్ళిన చోట మన ఇంటి చెత్త దొరకకుండా చూసుకోవటం మన బాధ్యత. ఆ ఈద్ తర్వాత మా కుటుంబం డ్యాం దగ్గరకు వెళ్ళిన ప్రతిసారీ ఇంటి స్టీలు పళ్ళేలే తీసుకువెళుతోంది. బంధువులు మొదట నవ్వారు. ఇప్పుడు వాళ్ళ పళ్ళేలు వాళ్ళు తెచ్చుకుంటున్నారు.

ఇప్పుడు మా చిన్నబ్బాయి వంతు. అతని కళాశాల నుంచి కూడా అలాంటి కాగితమే వచ్చింది. ఈసారి అది అల్మారా మీద పడి ఉండలేదు. అదే రోజు సంతకం చేశాం. సంతకం కింద ఖాళీ జాగాలో ఒక చిన్న ప్రశ్న కూడా రాసి పంపాం: ‘మళ్ళీ ఎండాకాలంలో ఎప్పుడు వెళతారు?’